గబ్బిలాల తలుపు

పార్కింగ్ మెషిను రెండు యూరోలు మింగి
చీటీ ఇవ్వలేదు.
"ఇంకా దొరగారి మనుషులే వసూలు చేస్తున్నట్టుంది"
అంది నోనీ హోనన్, ఎనభై మూడేళ్ల మనిషి,
అక్క కూతురి మోచెయ్యి ఆసరాగా కారు దిగుతూ.

అక్టోబరు ఆఖరు. క్లేర్ కౌంటీ వాన.
పడుతోందనడానికీ లేదు, పడటం లేదనడానికీ లేదు.
గేటు స్తంభాల మీద రెండు రాతి గద్దలు,
ఒకదానికి తల లేదు.
ఆదివారం నడకకి వచ్చినవాళ్లం పదకొండు మందిమి
మాటలు తగ్గించుకుని లోపలికి నడిచాం,
ఎవరూ తగ్గించమనకపోయినా.

భవంతి లేదు.
కప్పు లేని ఇంటికి పన్ను లేదని
వారసులు కప్పు పీకి అమ్ముకున్నారట.
మిగతా పని వాన చూసుకుంది.
ఇప్పుడొక్క గోడ. దానికి రెండో అంతస్తు ఎత్తున,
నేల లేని గదిలో, ఒక నిప్పుగూడు.
అందులో మంటకు బదులు ఫెర్న్ ఆకులు.

రేంజర్ కోల్మన్ కుర్రాడే, కానీ
చెట్ల వయసులు చెబుతున్నప్పుడు గొంతు ముసలిదవుతుంది.
ఈ బీచ్ చెట్లు నాటినవే. ఆ గుట్ట పోసిందే.
సరస్సు తవ్వించిందే, సహజంగా కనబడాలని.
ఎదురుగా ఆరిళ్లు అడ్డొస్తే తీయించేశారు.
అవెక్కడికి పోయాయని ఎవరో అడిగారు.
అతను బూటు మొన వైపు చూసుకున్నాడు.

తర్వాత సొరంగం.
వంటింటి వెనక నుంచి ఉతుకుల కొట్టం దాకా
నూట నలభై గజాలు, నేల కింద.
కిటికీలోంచి చూస్తే పచ్చిక, పచ్చిక, ఆపైన నీళ్లు.
మధ్యలో పనిపిల్ల నడిస్తే
దొరసాని కంట్లో నలుసు.

"మా అమ్మ డీలియా ఆ నలుసే" అంది నోనీ.
పద్నాలుగేళ్లప్పుడు చేరింది.
తడిదుప్పట్ల గంప కుడిచంకన.
కొవ్వొత్తి దండగ గనక
ఎడమచెయ్యి గోడకి రాస్తూ పోవడమే.
పెళ్లయ్యాక సొంత ఇంట్లోనూ, పట్టపగలూ
అలాగే నడిచేది.
మా నడవా సున్నం మీద నడుమెత్తున
ఒక బూడిదరంగు చార.
నాన్న ఏటేటా వెల్ల వేసేవాడు.
మళ్లీ వచ్చేది.

సొరంగం నోటికి ఇనుప తలుపు. అడ్డకమ్మీలు.
మనిషి పట్టడు, గబ్బిలం పడుతుంది.
"ఏప్రిల్ దాకా తియ్యకూడదమ్మా.
మూడొందల పన్నెండున్నాయి, పోయినేటి లెక్క.
ఒక్కోటీ రేగుపండంత, రెక్కలు కప్పుకుని, తలకిందులుగా.
మన ఊపిరి వెచ్చదనానికే మెలకువొచ్చేస్తుంది.
ఒకసారి లేచాయంటే చలికాలం దాటలేవు కొన్ని."

నోనీ కమ్మీలకి మొహం ఆనించి చాలాసేపు చూసింది.
"మా అమ్మని మాత్రం ఐదింటికే లేపేవాళ్లు" అంది.
ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు.
ఆవిడే నవ్వింది.

తోవ దిగొద్దని పచ్చిక చుట్టూ తాడు కట్టి ఉంది.
ఎన్నేళ్లుగానో నాగలీ ఎరువూ తగలని నేలట,
అందుకే మొలిచాయట ఆ పుట్టగొడుగులు,
ఎర్రవి, నారింజవి, మైనం పూసినట్టు,
గడ్డిలో ఎవరో గుండీలు తెంపుకు పోయినట్టు.
నోనీ కర్రతో తాడు పైకెత్తి, కిందనుంచి దూరింది.
అక్క కూతురు "పిన్నీ!" అంది.
కోల్మన్‌కి సరిగ్గా అప్పుడే
పొదలో ఏదో రెన్ పిట్ట కనబడింది.
మా అందరికీ చూపించాడు. నాకైతే కనబడలేదు.

నేను ఆవిణ్ణే చూస్తున్నాను.
పుట్టగొడుగుల్ని తప్పుకుంటూ, అడుగు తర్వాత అడుగు,
కిటికీలు లేని ఆ గోడ ముందు నుంచి
నట్టనడుమ పోతోంది.
కుడిచేతిలో కర్ర.
ఎడమచెయ్యి నడుమెత్తున, గాలిలో,
ఏమీ లేనిచోట రాసుకుంటూ.

సగం దూరంలో ఆగి కర్ర ఎత్తింది
నేల మీద కొట్టడానికి.
మళ్లీ ఏమనుకుందో,
మెల్లగా దించి గడ్డి మీద పెట్టింది.

ఉతుకుల కొట్టం ఇప్పుడు టీ కొట్టు.
మేం తోవంటే చుట్టు తిరిగి చేరేసరికి
ఆవిడ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది,
బురద బూట్లు రెండూ ముందుకి చాపి.
స్కోన్ నాలుగున్నర యూరోలంటే
మాట్లాడకుండా రెండు చెప్పింది.